కుందేలు పిల్లకు మొదటి ఆకు, కొత్త గడ్డి

(కుందేళ్లు పెంచుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బుట్టల్లో పిల్లల్ని తెచ్చినవాళ్లు పైన పల్చటి గుడ్డ కప్పి ఉంచండి. మైకు మోతకు బెదిరిపోతాయి, బెదిరిన కుందేలు మేత ముట్టదు. ఈరోజు మాట్లాడుకునేది మేత గురించే. పాలు మరిచిన దగ్గర్నుంచి ఏడు నెలలు నిండేదాకా పిల్లకు కొత్త గడ్డి, ఆకుకూరలు ఎలా అలవాటు చేయాలన్నదే విషయం. మందులు, టీకాలు, గూళ్లు ఇవాళ వద్దు.

ముందు కడుపు సంగతి. మనం గడ్డి వేస్తున్నది కుందేలుకే అనుకుంటాం. నిజానికి ఆ గడ్డిని అరిగించేది దాని పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట అంధనాళం అని ఒక పెద్ద సంచి ఉంటుంది. జీర్ణవ్యవస్థ మొత్తంలో దాదాపు 40 శాతం చోటు దానిదే. మేతలోని మెత్తటి భాగం అందులోకి చేరి పులుస్తుంది. అలా పులిసినదాన్ని కుందేలు మెత్తటి ముద్దలుగా బయటికి వదిలి, నేలమీద పడకముందే నోటితో అందుకుని మళ్లీ తింటుంది. అది చూసి రోగమని కంగారుపడేవాళ్లున్నారు. అడ్డుకోకండి, విటమిన్లు, మాంసకృత్తులు దానికి అందే దారి అది.

పిల్ల పుట్టినప్పుడు ఈ సంచిలో ఏమీ ఉండదు. పెద్ద కుందేలు జీర్ణకోశంలో ఆమ్లం చాలా గట్టిది, పీహెచ్ 1 నుంచి 2 మధ్య ఉంటుంది (ఈ అంకె ఎంత తక్కువైతే ఆమ్లం అంత గట్టిది). మేతతో వచ్చిన క్రిముల్లో ఎక్కువ భాగం అక్కడే చస్తాయి. పాలు తాగే పిల్లలో అది 5 నుంచి 6.5 దాకా ఉంటుంది, అంటే కాపలా లేని వాకిలి. అప్పటిదాకా దాన్ని కాపాడేది తల్లి పాల నుంచి తయారయ్యే కొవ్వు ఆమ్లాలు. మూడో వారంలో పిల్ల గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. తల్లి వదిలిన పెంటికలు కూడా నములుతుంది, తల్లి కడుపులోని సూక్ష్మజీవులు దానికి అలా చేరతాయి. పాలలో తోడు వేసినట్టే. తోడు చక్కగా పడి, కదపకుండా ఉంచితే గట్టి పెరుగు తోడుకుంటుంది. మధ్యలో కుదిపితే విరుగుతుంది. ఆరు, ఏడు వారాలకు పాలు మాన్పించే సరికి పాల కాపలా పోతుంది, ఆమ్లం కాపలా ఇంకా పూర్తిగా రాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం పిల్లను కొని, ఊరు మార్చి, గూడు మార్చి, మేత మార్చి, ముద్దొచ్చి క్యారెట్ ముక్క కూడా నోట్లో పెడతాం. కుందేలు పిల్లలు ఎక్కువగా చనిపోయేది ఈ వయసులోనే. విరేచనాలు, బంకలాంటి జిగురు పడటం, కడుపు ఉబ్బి కదలకుండా ముడుచుకుపోవడం, చాలాసార్లు ఇలాగే మొదలవుతాయి.

తోడు అన్నానని పెరుగు పెట్టకండి. పెరుగులో చక్కెర ఉంది, కుందేలుకు కావలసిన క్రిములు లేవు.

సంతల్లో నాలుగు వారాల పిల్లల్ని ‘రెండు నెలలది’ అని అమ్ముతారు. ఎనిమిది వారాలు నిండనిదాన్ని కొనకండి. కొనేటప్పుడు అమ్మేవాణ్ణి రెండు అడగండి: ఇప్పటిదాకా ఏం తిన్నది, అందులో ఒక వారానికి సరిపడా మేత ఇస్తావా అని. వాడు కోళ్ల దాణా పెడుతున్నానన్నా మొదటిరోజే ఆపేయకండి. అది పిండి ఎక్కువ, పీచు తక్కువ ఉన్న మేత, కుందేలుకు పనికిరాదు, నిజమే. అయినా పక్కన గడ్డి పెడుతూ, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించి కుందేళ్ల పెల్లెట్లలోకి, అంటే గుళికల మేతలోకి మార్చాలి. మొదటి రెండు వారాలు గడ్డి, పెల్లెట్లు, నీళ్లు తప్ప మరో రుచి తగలకూడదు. నీళ్లు సీసాకన్నా బరువైన మట్టి మూకుడులో పెడితే ఎక్కువ తాగుతుంది.

ఇక గడ్డి. వరుసలో ఇదే ముందు. గడ్డి బాగా తినడం రాని పిల్లకు ఆకుకూర జోలికి వెళ్లొద్దు.

కుందేలు ముందుపళ్లు వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి, దవడపళ్లూ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పొడవాటి గడ్డిపోచను దవడ అటూ ఇటూ జరుపుతూ నమిలితేనే అవి సమంగా అరుగుతాయి. పేగు కదలడానికీ ఆ పొడవాటి పీచే కావాలి. అందుకని గడ్డిని చాఫ్ కట్టర్‌లో వేసి పశువుల కుడితిలోకి కొట్టినట్టు పొట్టు చేయకండి. జానెడు పోచలుగానే వేయండి.

ఏడు నెలల లోపు పిల్లకు లూసర్న్ ఎండుగడ్డి మంచిది. పెంపుడు జంతువుల దుకాణంలో దీన్నే అల్ఫాల్ఫా అంటారు. పప్పుజాతి మొక్క కాబట్టి ఎదిగే ఒంటికి కావలసిన మాంసకృత్తులు, కాల్షియం దండిగా ఉంటాయి. అయితే కాల్షియం విషయంలో కుందేలు మనలాంటిది కాదు. మన పేగు అవసరమైనంతే తీసుకుంటుంది. కుందేలు పేగు తిన్నదాంట్లో ఎంతుంటే అంత లాగేసుకుని, మిగులును మూత్రంలో వదులుతుంది. ఎదిగే పిల్లలో అది ఎముకలకు పోతుంది. ఎదుగుదల ఆగాక మూత్రసంచిలో సున్నంలా పేరుకుంటుంది. మూత్రం కొంచెం మబ్బుగా ఉండటం మామూలే. ఆరినచోట గోకితే సుద్దపొడిలా రాలుతుంటే, ముద్దగా పడుతుంటే లూసర్న్ ఎక్కువైందని అర్థం.

అందుకే అయిదున్నర నెలల దగ్గర గడ్డిజాతి మేతలోకి మళ్లించడం మొదలుపెట్టాలి: తిమోతి, ఓట్, రోడ్స్ గడ్డి, లేదా మన గరిక. మొదటి వారం మూడు పాళ్లు లూసర్న్‌కు ఒక పాలు కొత్తది. రెండో వారం సగం సగం. మూడో వారం ఒక పాలు లూసర్న్, మూడు పాళ్లు కొత్తది. నాలుగో వారం మొత్తం కొత్తదే. పక్కపక్కన రెండు కుప్పలు వేస్తే లూసర్న్ ఆకులు ఏరుకు తిని కొత్తదాని మీద పడుకుంటుంది. రెండూ కలిపి చేత్తో గట్టిగా దులిపి, పోచకు పోచ చిక్కుపడేలా చేసి వేయండి. గడ్డిబుట్టను అది పెంటికలు వేసే మూల పైనే కట్టండి. కుందేలు అక్కడ కూర్చున్నంతసేపూ నములుతూనే ఉంటుంది, ఆ అలవాటే మనకు సాయం. రోజుకు కుందేలు ఒళ్లంత కుప్ప ఉండాలి. సాయంత్రానికి మిగిలితే తీసేసి కొత్తది వేయండి. వాసన పోయిన గడ్డిని అది తొక్కుతుందే గాని తినదు.

గడ్డి మారుస్తున్న రోజుల్లో పెల్లెట్లు కూడా తగ్గించాలి. పెద్దయ్యాక కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు చాలు. పెల్లెట్ల గిన్నె నిండుగా ఉంటే ఏ గడ్డీ అలవాటు కాదు, ‘మా కుందేలు గడ్డి తినదండీ’ అనేవాళ్ల ఇళ్లలో ముందు చూడవలసింది ఆ గిన్నెనే.

తిమోతి అమెరికా నుంచి దిగుమతి అవుతుంది. దొరికితే, కొనగలిగితే మంచిదే. అది లేకపోతే కుందేలు బతకదన్నట్టు చెప్పేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. గట్ల మీద, కాలవ పక్కన మొలిచే గరిక చక్కటి మేత. పూత రాకముందు కోసి, పల్చగా పరిచి, పూటకోసారి తిరగేస్తూ ఆరబెట్టండి. మొదటి పూట ఎండ తగలనిచ్చి, తర్వాత గాలి ఆడే నీడలోకి మార్చితే పచ్చదనం నిలుస్తుంది. పచ్చిగడ్డిలో మూడొంతులకు పైనే నీరు. నాలుగైదు కిలోలు కోస్తే కిలో ఎండుగడ్డి మిగులుతుంది. రోడ్డు పక్కది, కుక్కలు తిరిగే పార్కుది, కలుపుమందు కొట్టిన మైదానాలది వద్దు. పచ్చిక కోసే మిషను కింద నలిగిన గడ్డి అసలే వద్దు. అది గంటల్లోనే వేడెక్కి పులుస్తుంది, కడుపులో గాలి పడుతుంది.

ఆరిందా లేదా ఎలా తెలుస్తుంది? ఇదిగో ఈ రెండు సీసాలు చూడండి. రెండింట్లోనూ గుప్పెడు గడ్డి కత్తిరించి వేసి, పొడి ఉప్పు రెండు చెంచాలు చల్లి, మూత బిగించి బాగా కుదిపాను. ఇది నాలుగు రోజులు ఆరిన గరిక, ఉప్పు ఇసకలా జలజలా కదులుతోంది. ఇది నిన్న కోసింది. చేత్తో పట్టుకుంటే ఎండినట్టే ఉంది, చూడండి, ఉప్పు గాజుకు అంటుకుని కూర్చుంది. అంటే తేమ 15 శాతం దాటి ఉంది. దీన్ని సంచిలో కడితే పది రోజుల్లో లోపల బూజు పడుతుంది.

వానాకాలంలో ప్లాస్టిక్ కవరులో కట్టిపెడితే లోపలే చెమర్చుతుంది. గోనెసంచిలో పోసి, కింద చెక్క వేసి, గోడకు దూరంగా పెట్టండి. వేసే ముందు ముఖం దగ్గర పెట్టి వాసన చూడండి. మంచి గడ్డి తీయగా, టీ ఆకులా ఉంటుంది. ముక్కిన బియ్యం వాసన వచ్చినా, దులిపితే తెల్లటి పొడి లేచినా మొత్తం పారేయండి. ఏరి మంచిది వేద్దామనుకోవద్దు.

వరిగడ్డి గురించి ఎప్పుడూ అడుగుతారు. కింద పరుపుగా వేయడానికి బాగుంటుంది. మేతగా దాంట్లో సత్తువ లేదు, ఎదిగే పిల్లకు చాలదు. లేత జొన్న మొక్కలు పెట్టొద్దు. పశువులకు పచ్చజొన్న విషమైపోవడం రైతులకు తెలిసిన సంగతే, కుందేలుకూ అంతే. వేరుశనగ కట్టెకు బూజు భయం ఎక్కువ. సుబాబుల్ ఆకు మేకలకు వేస్తున్నాం కదా అని దీనికీ వేస్తారు, అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలిపోతాయి.

ఇప్పుడు ఆకుకూరలకు వద్దాం.

12 వారాలు నిండాకే మొదలుపెట్టమంటాను. అంత ఆగక్కర్లేదనే డాక్టర్లూ ఉన్నారు. తల్లి రోజూ పచ్చిమేత తింటుంటే, దాని పక్కనే పిల్ల కూడా కొరుకుతూ పెరిగితే ఆ మాట నిజం, దాని కడుపు అప్పటికే సిద్ధమై ఉంటుంది. కొనుక్కొచ్చిన పిల్ల ఏం తిన్నదో మనకు తెలియదు. తెలియనప్పుడు ఆగడమే మేలు. ఇంకొక షరతు: అంతకు ముందు వారమంతా పెంటికలు గట్టిగా, గుండ్రంగా ఉండాలి.

మొదటి ఆకుగా కొత్తిమీర పెట్టండి. ఒకే ఒక రెమ్మ, కాడతో సహా, రెండు మూడు గ్రాములు. ఉదయం పెట్టండి, రాత్రి కాదు. ఏమైనా తేడా వస్తే పగలు కనబడుతుంది, డాక్టరూ దొరుకుతారు. రెండోరోజు అంతే. పెంటికలు మారకపోతే మూడోరోజు రెండు రెమ్మలు, అయిదోరోజు నాలుగు. వారం తిరిగేదాకా ఇంకో ఆకు తేవొద్దు. రెండు కొత్తవి ఒకేసారి పెట్టి విరేచనం అయితే ఏది పడలేదో చెప్పలేం, రెండూ మాన్పించాల్సి వస్తుంది.

రెండో వారం పచ్చి గరిక. ఎండుది తింటున్న పిల్లకైనా పచ్చిది కొత్తే, ఒక చిన్న చిటికెడుతో మొదలు. మూడో వారం పుదీనా, ఆ తర్వాత సోయకూర, క్యారెట్ ఆకులు, మెంతికూర, కరివేపాకు. నాలుగు నెలల వయసుకు అన్నీ కలిపి రోజుకు 15 గ్రాములు దాటనివ్వొద్దు. ఏడు నెలలకు వచ్చి కిలోన్నర తూగే కుందేలుకు రెండు పిడికిళ్లు పెట్టొచ్చు, రోజూ రెండు మూడు రకాలు కలిపి. అప్పుడు కూడా కడుపు నింపేది గడ్డే, ఆకు దానికి తోడు.

మునగాకు ఎంతో బలమని తెలిసినవాళ్లు గుప్పెళ్లకొద్దీ పెడతారు. బలమే, మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఎక్కువ, అందుకే ఒక రెమ్మతో ఆపాలి. లూసర్న్ తినే పిల్లకు అదీ అక్కర్లేదు. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, గోంగూర ఆరు నెలల దాకా వద్దు. వీటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. పెద్దయ్యాక పాలకూర, తోటకూర వారానికి ఒకసారి, రెండు మూడు ఆకులు, చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు గాలి చేస్తాయి, పిల్లకు పెట్టొద్దు. ఉల్లికాడలు, వెల్లుల్లి, టమాట ఆకులు, బంగాళాదుంప ఆకులు ఎప్పటికీ వద్దు. క్యారెట్, అరటిపండు తీపి. చపాతీ, అన్నం, బిస్కెట్ పిండి. పిల్ల కడుపు ఆ పిండిని పూర్తిగా అరిగించలేదు. మిగిలింది అంధనాళంలోకి జారి అక్కడి చెడ్డ బ్యాక్టీరియాకు విందవుతుంది, అది వదిలే విషం గంటల్లో పిల్లను తీసుకుపోతుంది. ముద్దుగా పెట్టిన బిస్కెట్ ముక్కకు ఇంత శక్తి ఉందని చాలామందికి తెలియదు. పసిపిల్లలున్న ఇళ్లలో దయచేసి గూటి మీద రాసి అంటించండి.

ఒక్క మాట వినాయక చవితి గురించి. పూజకు తెచ్చిన గరిక మిగిలితే, శుభ్రంగా ఉంటే పెట్టొచ్చు. పత్రి మొత్తం మాత్రం గూట్లో వేయకండి. ఆ 21 పత్రాల్లో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. గన్నేరు ఆకు కొంచెం కొరికినా గుండె ఆగిపోతుంది. దేవుడి దగ్గరి ఆకులే కదా అని వేస్తారు, ఏ ఆకు ఏదో ఏరడం అందరికీ తెలియదు.

బజారు కూర కడగడం. వేళ్లు కోసేసి, కట్ట విప్పి, వెడల్పాటి గిన్నెలో ఉప్పునీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లలో మూడుసార్లు జాడించి, గుడ్డ మీద పరవండి. పసుపుపచ్చగా మారినవి, జిగురు పట్టినవి తీసేయండి. పురుగుమందు ఇలా పూర్తిగా పోదు, పైపైది పోతుంది. కుండీలో పెంచుకోవడం వీటన్నిటికన్నా మేలు. మెంతులు చల్లితే మూడు వారాల్లో కోతకొస్తాయి. ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లితే నెల దాటాక కొత్తిమీర వస్తుంది. ఎండాకాలం పెట్టిన ఆకు రెండు గంటల్లో తినకపోతే తీసేయండి, వడలి మగ్గుతుంది.

చూడాల్సింది పెంటికలనే. ఈ తెల్ల పళ్లెంలో రెండు రకాలున్నాయి, దగ్గరికొచ్చి చూడొచ్చు. ఇటువైపువి పిల్లవి, కందిగింజంత, పెద్దదైతే శనగగింజంత ఉంటాయి. ఒకటి వేళ్లతో నలుపుతున్నాను, చూడండి, పొడిగా రంపపు పొట్టులా రాలింది. గడ్డి బాగా తింటోంది అన్నమాట. అటువైపుది నల్లగా మెరుస్తున్న ముద్ద, ద్రాక్షగుత్తిని వేలెడంతకు కుదించినట్టుంది. ఇది అది మళ్లీ తినవలసిన మెత్తటి ముద్ద. ఇవి నేల మీద మిగిలిపోతున్నాయంటే పచ్చిమేతో పెల్లెట్లో ఎక్కువయ్యాయి. అప్పుడు ఆకు ఆపి, రెండు మూడు రోజులు గడ్డి మాత్రమే పెట్టి, తిరిగి సగం కొలతతో మొదలుపెట్టండి. పెంటికలు చిన్నవై, దండలా వెంట్రుకలతో గుచ్చుకుని వస్తుంటే గడ్డి, నీళ్లు చాలడం లేదు.

నీళ్ల విరేచనం వేరు. తోక కింద తడిసి, కంపు కొడుతూ, నీళ్లలా పోతుంటే అది మేత సర్దుబాటు కాదు, ప్రాణం మీదికొచ్చినట్టే. ఆకు, పెల్లెట్లు ఆపేయండి, గడ్డి, నీళ్లు ముందుంచండి, వెచ్చగా గుడ్డలో చుట్టి ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాక్సీడియా అనే పరాన్నజీవి ఉందేమో పెంటికల పరీక్ష చేయించమని అడగండి, ఈ వయసులో అది మామూలు. మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ నోటి ద్వారా వేయడం మాత్రం చేయకండి. అవి కడుపులోని మంచి క్రిములను తుడిచిపెట్టి కుందేళ్లను చంపేస్తాయి. మనుషుల పసిపిల్లలకు ఇచ్చే సిరప్పే కదా అని వేస్తారు. అలా వేయొద్దు.

ప్రశ్నలు అడగండి.

సభలో ఒకరు: మా పిల్ల ఆకు పెట్టగానే ఎగబడుతుంది, గడ్డి ముట్టడం మానేసింది.

అయితే ఆకు ముందు పెట్టకండి. ఉదయం కొత్త గడ్డి వేసి, రెండు గంటలు అది నమిలాక ఆకు పెట్టండి. లేకపోతే ఆ కొత్తిమీర రెమ్మను గడ్డి లోపల దోపండి, వెతుక్కుంటూ నాలుగు పోచలు తింటుంది.

ఇంకొకరు: రోజూ తూచాలా?

పిల్లలైతే వారానికి రెండుసార్లు, వంటింటి త్రాసు మీద, ఉదయం మేతకు ముందు. కొత్త మేత మొదలుపెట్టిన వారం మాత్రం రోజూ. తేదీ, ఆకు పేరు, గ్రాములు, పెంటికలు ఎలా ఉన్నాయి, బరువెంత, అయిదు గడులు గీసి రాయండి. ఎదిగే పిల్ల బరువు రెండు రోజులు వరసగా తగ్గితే విరేచనం లేకపోయినా చూపించాల్సిందే.

మరొకరు: రాత్రి నుంచి తినలేదు, ఉదయం దాకా చూద్దామా?

వద్దు. పది, పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే పేగు ఆగిపోయినట్టే. కుందేలుకు వాంతి రాదు, లోపలికి పోయింది ముందుకే పోవాలి. వీపు గూనిలా పెట్టి, కళ్లు సగం మూసి, పళ్లు పటపట కొరుకుతుంటే నొప్పితో ఉంది. చెవులు చల్లబడ్డాయేమో తాకి చూడండి. మామూలుగా దాని ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చల్లబడితే గోరువెచ్చని నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి వెంటనే బయల్దేరండి. నిన్న తిన్న ఆకు, గడ్డి కొంచెం, ఆ రాసుకున్న కాగితం డాక్టరుకు చూపించడానికి కవర్లో వేసుకెళ్లండి.